హౌస్‌బోటు ఎక్కకుండా దిండిలో మూడు రాత్రులు

దిండికి వెళ్తున్నామని చెప్పగానే ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి ప్రశ్న హౌస్‌బోటు బుక్ చేశారా అనే. వసిష్ఠ గోదావరి ఒడ్డున కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ ఊరికి రిసార్టుల వల్ల పేరొచ్చింది, రిసార్టులకేమో కేరళ పద్ధతిలో కట్టిన హౌస్‌బోట్ల వల్ల పేరొచ్చింది. గత మార్గశిరంలో మేము ఆరుగురం వెళ్ళాం. నా తోడల్లుడు, మా మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు హౌస్‌బోటు ఎక్కారు. నేనూ నా భార్యా ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులు ఒక కారణమే గాని అసలు కారణం కాదు. పేరుమోసిన ఆకర్షణను పక్కన పెట్టి, దాని చుట్టూ కట్టిన బసలోనే సెలవు గడపడం ఎంత బాగుంటుందో అంతకుముందు ఒకసారి రుచి చూసి ఉన్నాం. మా గోదావరిలో కూడా అలా కుదురుతుందా అని చూడాలనుకున్నాం.

ఆ రుచి తెలిసింది అమెరికాలో. 2023 జూన్‌లో మా అబ్బాయి, కోడలు మమ్మల్ని ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళ్ళారు. అక్కడ ప్రధానమైన పార్కులు నాలుగు ఉన్నాయి. ఒక్క పార్కుకు ఒక్కరోజు టికెట్టే పెద్దవాళ్ళకు మనిషికి 100 డాలర్లకు పైన ఉంటుంది, లోపలికి వెళ్ళాక రోజంతా ఎండలో నడవాలి. పిల్లలు పార్కులకు వెళ్ళిన రెండు రోజులూ మేమిద్దరం పోర్ట్ ఆర్లియన్స్ రివర్‌సైడ్ అనే రిసార్టులోనే ఉండిపోయాం. దాని పక్కగా తవ్వి పారించిన చిన్న నది ఉంది, దానికి ససగూలా అని పేరు. రేవులో పడవ ఎక్కితే డిస్నీ స్ప్రింగ్స్ అనే అంగళ్ళ వీధి దాకా తీసుకువెళ్తుంది, దానికి టికెట్టు లేదు. సాయంత్రం బస్సులో మ్యాజిక్ కింగ్‌డమ్ వాకిలి దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టకుండానే మోనోరైలు ఎక్కి, పాలినేషియన్ అనే మరో రిసార్టు దగ్గర దిగి, ఆ ఇసుక ఒడ్డున కూర్చుని, సరస్సుకు అవతల కాలుతున్న బాణసంచా చూశాం. బస్సుకూ మోనోరైలుకూ కూడా రూపాయి ఖర్చు లేదు. సెవెన్ సీస్ లగూన్ అనే ఆ సరస్సు సహజమైనది కాదని, 1971లో పార్కు తెరవడానికి ముందు దాన్ని తవ్వి, వచ్చిన మట్టితోనే అవతలి ఒడ్డున పార్కు నేలను ఎత్తు చేశారని అబ్బాయి చెప్పాడు. నా భార్య అది విని, "మన కాలువలూ తవ్వినవే కదండీ" అన్నది. నిజమే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని నుంచి తవ్వుకుంటూ వచ్చిన కాలువలు లేకపోతే ఇప్పుడు మనం చూసే పచ్చటి డెల్టా లేదు. నీటి మీద రవాణా కూడా ఆ కాలువల్లో చాలాకాలం సాగింది. ఆ మాట నా మనసులో అలాగే నిలిచిపోయింది. దిండి ప్రయాణం అక్కడే పుట్టింది.

హైదరాబాదు నుంచి రాత్రి నరసాపురం రైలు ఎక్కి, శనివారం పొద్దున పాలకొల్లులో దిగాం. క్షీరారామంలో దర్శనం చేసుకుని, చించినాడ వంతెన మీదుగా నది దాటితే దిండి వచ్చేస్తుంది. పాలకొల్లు నుంచి అరగంట ప్రయాణం. మొదటి చిక్కు అక్కడే ఎదురైంది. గదులు మధ్యాహ్నానికి గాని ఇవ్వమన్నారు. ఒక్క రాత్రి ఉండి వెళ్ళేవాళ్ళకు తగినట్టు అక్కడి లెక్కలన్నీ అమర్చి ఉన్నాయని మూడు రోజుల్లో నాకు బాగా అర్థమైంది. మధ్యాహ్నం రావడం, సాయంత్రం పడవ, రాత్రి భోజనం, పొద్దున ఫలహారం, ఖాళీ చేయడం. వరుసగా మూడు రాత్రులు ఉంటామన్న దంపతులను చూసి, ఏదైనా పని మీద వచ్చారా అండీ అని కౌంటరు దగ్గర కుర్రాడు నిజంగానే అడిగాడు. అయినా మర్యాదకు లోటు చేయలేదు. సామాను లోపల పెట్టించి, కొబ్బరిబొండాలు తెప్పించి, ఒడ్డున కుర్చీలు వేయించాడు.

గది విషయంలో ఒక సలహా చెప్పి తీరాలి. బుక్ చేసేటప్పుడు నదికి ఎదురుగా ఉన్న గదే కావాలని అడగడం ఒక్కటే చాలదు, నదికీ వరండాకూ మధ్య పెళ్ళిళ్ళూ విందులూ చేసే పచ్చిక ఉందా అని కూడా అడగాలి. మా వరండా ముందు ఉంది. శనివారం రాత్రి అక్కడ ఎవరిదో పుట్టినరోజు విందు జరిగింది. పదకొండు దాటేదాకా మైకు ఆగలేదు, గదిలో కిటికీ అద్దాలు అదిరాయి. పొద్దున చెప్పగానే మమ్మల్ని చివరి వరుసలోని గదికి మార్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. ఆ రెండో గదిలో ఉన్న రెండు రాత్రులే మా అసలు సెలవు. ఆదివారం మధ్యాహ్నానికి కార్లన్నీ వెళ్ళిపోయాయి, సోమవారం ఆ ఆవరణ మొత్తానికీ మేమూ మరో రెండు కుటుంబాలూ మాత్రమే మిగిలాం.

ఒడ్డున కూర్చుంటే ఏమి కనిపిస్తుందని మా తోడల్లుడు అడిగాడు. అతడికి అక్కడ వెంటనే జవాబు చెప్పలేకపోయాను గాని, ఇక్కడ రాస్తాను. ఆదివారం పొద్దున ఆరున్నరకు కాఫీ గ్లాసుతో రేవు మెట్ల మీద కూర్చున్నాను. నది మీద గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా వెళ్తోంది, అయితే సముద్రం వైపు కాదు, చించినాడ వంతెన వైపు, అంటే ఎగువకు. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. పక్కన మొక్కలకు నీళ్ళు పెడుతున్న తోటమాలి నా అయోమయం గమనించి, "ఆయ్, పోటెక్కుతుందండి బాబూ. మజ్జానానికి పాటొచ్చేత్తాదండి, అప్పుడు కిందకే పోద్దండి" అన్నాడు. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే వసిష్ఠలోకి రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు ఎక్కి వస్తుంది, వరద లేని రోజుల్లో నది వెనక్కి నడిచినట్టే ఉంటుంది. నా భార్య రాజోలు తాలూకాలో పుట్టి పెరిగింది కాబట్టి ఆమెకు ఇందులో వింత లేదు. పోటు చూసి వలలు వేయడం, పాటు చూసి పడవ వదలడం ఆమె చిన్నప్పుడు రోజూ విన్న మాటలే. నేను మాత్రం ఆ రోజు మూడుసార్లు మెట్ల దగ్గరకు వెళ్ళాను. పదకొండు గంటలప్పుడు నీరు కదలక నిలిచినట్టుంది, గుర్రపుడెక్క ఉన్నచోటే నెమ్మదిగా తిరుగుతోంది. ఒంటిగంటకల్లా మొత్తం దిగువకు సాగింది. మరునాడు అదే మార్పు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. ఒకే చోట కూర్చుని రెండు రోజులు చూసినందువల్లే అది నాకు తెలిసింది. సముద్రం ఇంత దూరం లోపలికి వస్తుంది కాబట్టే, వేసవిలో ఉప్పు పైకి ఎగబాకే ఈ భాగంలో ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నది నీటితో కాక కాలువ నీటితో నింపుకుంటారు. ఇంటి ముందు అంత నది పెట్టుకుని కాలువ కోసం ఎదురుచూడడం ఏమిటని పెళ్ళయిన కొత్తలో నేను మా అత్తవారి ఊరి గురించి అనుకునేవాణ్ణి, దానికి జవాబు ఇన్నేళ్ళకు దొరికింది.

రవాణా విషయంలో మాత్రం ఫ్లోరిడా ముందు మనం చాలా వెనుకబడి ఉన్నాం, ఇది బాధతోనే రాస్తున్నాను. అక్కడ కారు లేకుండా రెండు రోజులు గడిపాం, ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సో పడవో వాకిట్లోకే వచ్చేది. ఇక్కడ రిసార్టు గేటు దాటితే మీ దారి మీరు చూసుకోవాలి. మలికిపురానికి గాని, సఖినేటిపల్లికి గాని రోజుకు రెండుసార్లు ఒక చిన్న వ్యాను నడిపినా, కారు తెచ్చుకోని పెద్దవాళ్ళు ఎంతమంది నాలుగు రోజులు ఉండిపోతారో! ట్రావెల్స్ వాళ్ళ ద్వారా మాట్లాడుకున్న కారు ఆదివారం గంటన్నర ఆలస్యంగా వచ్చింది, పైగా మేము ఒప్పుకోని ఊళ్ళ కిలోమీటర్లు కూడా లెక్కలో కలిపింది. సోమవారం ఊళ్ళోనే ఒక ఆటో మాట్లాడుకున్నాం. ఆ ఆటో అబ్బాయి చెప్పిన వేళకు వచ్చాడు, చెప్పిన డబ్బే తీసుకున్నాడు, నా భార్య దిగేటప్పుడు ప్రతిసారీ చెయ్యి అందించాడు. దిండిలో ఉండదలచినవాళ్ళు ఆటోనే నమ్ముకోవడం మంచిది.

ఆ ఆటోలో సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి పంటు ఎక్కాం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది పంటు. జోడు పడవల మీద బల్లలు పరిచిన ఆ పంటు మీద మనుషులు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు, ఒక కారు, అందరూ కలిసి నది దాటి నరసాపురం చేరతారు. నది నడుమకు వచ్చేసరికి వెడల్పు తెలుస్తుంది, గాలిలో ఉప్పువాసన తెలుస్తుంది. పక్కన నిలబడ్డ పెద్దావిడ నా భార్యను ఏ ఊరమ్మా అని అడిగి, చెప్పగానే ఇంటిపేరు అడిగి, ఇంకో నిమిషానికి మా అత్తగారి చెల్లెలు వాళ్ళకు దూరపు చుట్టమని తేల్చింది. టికెట్టు కొన్న ఏ విహారంలోనూ ఇది దొరకదు. రక్షణ విషయం కూడా రాయాలి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర మునిగిన తరువాత నా భార్య ఏ పడవ దగ్గరకు వెళ్ళినా మొదట లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూస్తుంది. పర్యాటకుల పడవ అయినా పంటు అయినా అందరూ అలా అడగడం నేర్చుకోవాలి. అడిగేవాళ్ళు ఎక్కువైతే ఇచ్చేవాళ్ళకూ అలవాటవుతుంది. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, కాబట్టి తిరుగు ప్రయాణానికి దాని మీదే ఆధారపడేవారు ముందుగా కనుక్కోవాలి, ఎప్పుడైనా సరే చీకటి పడకముందే రేవుకు చేరాలి.

నరసాపురంలో లేసు చూశాం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక పని ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లో తరతరాలుగా నిలబడింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అల్లుతున్న ముగ్గురి దగ్గర కాసేపు నిలబడితే, కొక్కెం కదిలే వేగానికి నా చూపు అందలేదు. బల్ల మీద పరిచే గుడ్డ ఒకటి, కోడలి కోసం చిన్న పర్సు ఒకటి అక్కడే కొన్నాం. దుకాణంలో అదే వస్తువు చూశాక, పని చేసే చేతికే డబ్బు ఇచ్చినందుకు సంతోషించాం.

అంతర్వేదికి కూడా వెళ్ళాం. లక్ష్మీనరసింహస్వామి దర్శనం సోమవారం సాయంత్రం ఎలాంటి తోపులాట లేకుండా అయింది. నదీ సముద్రాలు కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడవడం నా భార్యకు కష్టమని మేము ఆగిపోయాం.

భోజనం గురించి. రిసార్టు వంటశాలలో మొదటి పూట పనీరు, నూడుల్సు, ఎక్కడైనా దొరికేవే పెట్టారు. ఆదివారం వంటాయన దగ్గరకు వెళ్ళి, మీ ఇంట్లో ఈ రోజు ఏమి వండారని అడిగాను. పనసపొట్టు కూర, ఆవ పెట్టిన పెరుగు పచ్చడి అని ఆయన చెప్పగానే, ఆ రెండూ మాకు చేసిపెట్టగలరా అన్నాను. సాయంత్రానికి చేసిపెట్టాడు. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకు తగిలింది, ఇంట్లో వండినట్టే ఉంది. అది మెనూలో ఎందుకు లేదని అడిగితే, వచ్చేవాళ్ళు అడగరండి అన్నాడు. అడగాలి. అంబాజీపేట వైపు వెళ్ళేవాళ్ళు పనసాకు దొప్పల్లో ఉడికించే పొట్టిక్కలు పొద్దున్నే తినాలి, ఎండెక్కితే అయిపోతాయి.

హౌస్‌బోటు ఎక్కిన మావాళ్ళ మాట కూడా న్యాయంగా రాయాలి. ఆదివారం రాత్రి పడవలోనే పడుకుని, సోమవారం పొద్దున దిగారు. పిల్లలకు బాగా నచ్చింది. పైకప్పు మీద నుంచి చూసిన సూర్యాస్తమయం గురించి మా మరదలు ఇప్పటికీ చెబుతుంది, లంకల వెంట సాగేటప్పుడు రెండువైపులా కొబ్బరి గెలలు చేతికందేంత దగ్గరగా వచ్చాయట. తోడల్లుడి అభిప్రాయం వేరు. "పడవ ఊళ్ళోకి వెళ్ళదు అన్నయ్యా, ఒడ్డు చూపించి తెచ్చేస్తుంది" అన్నాడు. చీకటి పడ్డాక పడవ కట్టేస్తారు కాబట్టి ఆ రాత్రి ఏసీ గదిలో పడుకోవడానికీ మా గదిలో పడుకోవడానికీ తేడా అతడికి కనిపించలేదు. చిన్నపిల్లలతో ఒక్కరోజే వచ్చినవాళ్ళు పగటిపూట కొన్ని గంటలు పడవలో తిరిగి, రాత్రికి ఒడ్డున గదిలో ఉండడం మంచిదని మా ఇద్దరి ఉమ్మడి అభిప్రాయం. రెండు రాత్రులకు మించి ఉండేవాళ్ళకు ఆ డబ్బుతో ఒడ్డున మరో రాత్రి, ఒక ఆటో, నాలుగుసార్లు పంటు వస్తాయి.

సోమవారం రాత్రి భోజనమయ్యాక మెట్ల మీద కూర్చున్నప్పుడు అవతలి ఒడ్డున కొబ్బరి దింపు తీసినవాళ్ళు లాంతర్లతో కాయలు పోగేస్తూ కనిపించారు, వాళ్ళ మాటలు నీటి మీదుగా స్పష్టంగా వినిపించాయి. నా భార్య ఏ తోట ఎవరిదో, ఆ రోజుల్లో ఏ రేవు నుంచి ఏ రేవుకు పడవ వెళ్ళేదో వేలుతో చూపిస్తూ చెప్పుకుంటూ పోయింది. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా అందులో సగం నేను మొదటిసారి వింటున్నాను.

మళ్ళీ వెళ్ళేది దాళ్వా, అంటే రెండో పంట వరి నాట్లు పడేవేళ, సంక్రాంతి సందడి తగ్గాక. ఈసారి ఆదివారం మధ్యాహ్నం చేరి గురువారం పొద్దున బయలుదేరేలా, చివరి వరుసలోని ఆ గదే కావాలని ఫోనులో చెప్పి ఉంచాం. ఆటో అబ్బాయికి కూడా చెప్పాం.