రెస్క్యూ చిలుక: రామచిలుకా, గ్రేనా, కాకటీలా? ఏది మేలు?

రెస్క్యూ చిలుకను తెచ్చుకుందాం అనుకునేవాళ్ల ముందుకు మామూలుగా వచ్చేవి మూడు. జోస్యం చెప్పేవాడి దగ్గర్నుంచో సంతలోంచో ఎవరో విడిపించిన రామచిలుక, విదేశాలకు వెళ్లిపోతూ ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తున్నవాళ్ల ఆఫ్రికన్ గ్రే (బూడిద రంగు ఆఫ్రికా చిలుక), పిల్లలకు మోజు తీరిపోయాక బాల్కనీలో ఓ మూల మిగిలిపోయిన కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న ఆస్ట్రేలియా చిలుక).

రామచిలుక గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు చిలుకల్ని ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణ తర్వాత రామచిలుక ఆ చట్టంలోని రక్షిత జీవుల రెండో షెడ్యూల్‌లో ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మేం కొనలేదండీ, కాపాడాం అంటే చెల్లదు. అటవీ శాఖకు అప్పగించేయండి. రెక్కలు కత్తిరించేశారు, ఇక ఎగరలేదు పాపం అని చాలామంది ఉంచేసుకుంటారు గానీ, ఈకలు కత్తిరించినంత మాత్రాన పోయేదేం లేదు, పాతవి రాలి కొత్తవి వస్తాయి.

అసలు తేల్చుకోవాల్సింది గ్రేనా, కాకటీలా అన్నదే. గ్రే అంటే ఎవరికైనా మనసు లాగుతుంది, కాదనను. మాట్లాడుతుంది, మిక్సీ శబ్దం చేస్తుంది, కాలింగ్ బెల్‌లా కూసి మిమ్మల్ని తలుపు దాకా నడిపిస్తుంది. కానీ అంత తెలివి ఉన్న పక్షిని పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా ఒంటరిగా వదిలేస్తే తన ఈకలు తానే పీక్కోవడం మొదలుపెడుతుంది. చూడటానికి వెళ్లినప్పుడు తల, ఛాతీ రెండూ గమనించండి. తల మీద ఈకలు నిండుగా ఉండి ఛాతీ బోసిగా ఉంటే దాదాపుగా అది పీక్కుంటున్నట్టే, ఎందుకంటే దాని ముక్కు తలకు అందదు. దానికి జబ్బు కారణమా, ఒంటరితనం కారణమా అన్నది పక్షుల వైద్యం తెలిసిన డాక్టరే చెప్పాలి. అలాంటి డాక్టర్లు పెద్ద నగరాల్లోనే తక్కువ, చిన్న ఊళ్లలో అయితే ముందే కనుక్కుని పెట్టుకోండి. బాగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్లు బతుకుతుంది. మీకు ఇప్పుడు నలభై అనుకోండి, మీ తర్వాత దాన్ని ఎవరు చూస్తారన్నది ఇవాళే అడగాల్సిన ప్రశ్న.

కాగితాల టెన్షన్ కూడా గ్రేకే. అది సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి, చేతులు మారినా తెలియజేయాలి. ఇచ్చేవాళ్లు ఊరికే ఇస్తున్నాం, కాగితాలెందుకు అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కాకటీల్ సైటిస్ జాబితాలో లేదు, ఆ తలనొప్పి ఉండదు.

కాకటీల్ వంద గ్రాములు కూడా ఉండదేమో, ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లు. మాటలు పెద్దగా రావు, ఈల వేస్తుంది. దాని మనసు తెలుసుకోవడం తేలిక: తల మీది కుచ్చు తలకు అతుక్కుపోయి బుస కొడుతోందంటే చెయ్యి పెట్టొద్దని అర్థం. రాత్రి చీకట్లో ఏదో చప్పుడుకు బెదిరి పంజరమంతా కొట్టుకునే అలవాటు ఉంది, దానికి చిన్న బెడ్‌లైట్ చాలు. రెండిటి ఒంటి నుంచీ తెల్లటి పొడి రాలుతుంది, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఏదీ వద్దు.

ఏది తెచ్చినా మారాల్సింది వంటిల్లు. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగ చిలుకను నిమిషాల్లో చంపేయగలదు. సాంబ్రాణి, అగరబత్తీలు కూడా అది ఉన్న గదిలో వద్దు. పచ్చిమిర్చి పెట్టొచ్చు, దానికి కారం తెలియదు. చాక్లెట్, అవకాడో మాత్రం విషం.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లైతే నా ఓటు కాకటీళ్లకే, అదీ ఇప్పటికే కలిసి ఉంటున్న జతకు. రోజంతా ఇంట్లో ఉండే మనిషి, నమోదు కాగితం, తర్వాత చూసుకుంటానని ఒప్పుకున్న తమ్ముడో కూతురో ఉంటే అప్పుడు గ్రే. అలాగైనా ఒక్కసారి చూసి తెచ్చేయకండి. నాలుగైదు సార్లు వెళ్లి కూర్చోండి, కంటిపాప గబగబా చిన్నదీ పెద్దదీ అవుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఒప్పుకున్నాక పాత పంజరం, పాత గిన్నెలతో సహా తెచ్చుకోండి, వాళ్లు దాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్లో అదే పేరు ఉంచండి.