ఆరేళ్లు వాడాక జీసీసీ ఫ్లాగ్‌ల మీద నా మాట

నేను రాసేది మెషిన్ల వైబ్రేషన్ లెక్కగట్టే కోడ్. అంతా డబుల్సే (ఫ్లోటింగ్ పాయింట్ అనే దశాంశ సంఖ్యలు), పొడుగాటి లూపులే. దాన్ని మెషిన్ కోడ్‌గా మార్చే కంపైలర్ జీసీసీ, ఎలా మార్చాలో దానికి చెప్పే ఆప్షన్లే ఫ్లాగ్‌లు. మొదట్లో అందరిలాగే ఓ3 (కోడ్‌ని బాగా వేగం చేయమనేది), మార్చ్=నేటివ్ (ఈ మెషిన్ ప్రాసెసర్‌కి తగ్గట్టు చేయమనేది), ఫాస్ట్-మ్యాథ్ (లెక్కల కచ్చితత్వం కాస్త వదిలి వేగం చూడమనేది) మూడూ కలిపి పెట్టేశాను.

వేగం బాగా పెరిగింది, అది ఒప్పుకోవాలి. ఫ్లోటింగ్ పాయింట్‌లో ఏ వరసలో కూడితే ఆ వరసను బట్టి చివరి అంకెలు మారతాయి. అందుకే కూడికల లూపుకి ఓ3 ఒక్కటే ఇస్తే కంపైలర్ ఆ వరస జోలికి పోదు, వెక్టరైజ్ చేయదు (ఒకేసారి కొన్ని అంకెల మీద లెక్క చేసేలా మార్చదు). ఫాస్ట్-మ్యాథ్ ఇస్తే చేసేస్తుంది.

దెబ్బ తర్వాత తగిలింది. ఒక సెన్సర్ వైరు ఊడి నాన్‌లు రావడం మొదలైంది (తినేది కాదు, ‘ఇది అంకె కాదు’ అని చెప్పే విలువ). ఈజ్‌నాన్ చెక్ పెట్టాను, పట్టుకోలేదు. అసెంబ్లీ (కంపైలర్ ఇచ్చిన మెషిన్ ఇన్‌స్ట్రక్షన్లు) తీసి చూస్తే చెక్కే లేదు! ఫాస్ట్-మ్యాథ్‌లో ఫైనైట్-మ్యాథ్-ఓన్లీ కూడా కలిసి వస్తుంది. అంటే నాన్ రాదని నేనే మాటిచ్చాను, కంపైలర్ నమ్మింది. ఇది తెలిసేలోపు రెండు రోజులు సెన్సర్‌ని తిట్టుకున్నాను.

మార్చ్=నేటివ్ సొంత మెషిన్‌లో బంగారం. అదే బైనరీని (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌ని) ఓ పాత పీసీకి పట్టుకెళ్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని కూలబడింది. ఇంటెల్‌లో ఏవీఎక్స్2 (ఒకేసారి కొన్ని అంకెల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు), ఎఫ్‌ఎంఏ (గుణకారం, కూడిక కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో చేసేది) 2013 నాటి హాస్‌వెల్ ప్రాసెసర్లతో వచ్చాయి, ఆ పీసీ అంతకంటే పాతది. ఇప్పుడు జీసీసీ 11తో వచ్చిన ఎక్స్86-64-వీ3 (ఆ రెండూ ఉన్న ప్రాసెసర్లకి కోడ్ చేయమనేది) వాడుతున్నాను. పాతదానికి వేరే బిల్డ్.

ఎఫ్‌ఎంఏతో ఇంకో తంటా. ఎక్స్ వర్గంలోంచి వై వర్గం తీసేస్తాను. రెండూ సమానమైతే సున్నా రావాలి కదా? ఎఫ్‌ఎంఏ ఒక లబ్ధాన్ని రౌండ్ చేసి, రెండోదాన్ని చేయకుండానే తీసివేస్తుంది. ఇసుమంత నెగటివ్ మిగిలింది, దానికి వర్గమూలం తీస్తే మళ్లీ నాన్. ఈ కలపడం జీసీసీలో ఫాస్ట్-మ్యాథ్ లేకపోయినా జరుగుతుంది. ఆ ఒక్క ఫైలుకి ఆ కలపడం ఆపే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ పెట్టాను.

ఇప్పుడు నా సెట్టింగ్ ఓ3, వీ3, నో-మ్యాథ్-ఎర్నో (మ్యాథ్ ఫంక్షన్‌లో తప్పొస్తే ఎర్నో అనే వేరియబుల్‌లో రాయక్కర్లేదనేది). ఎర్నో నేనెప్పుడూ చూడను కాబట్టి నష్టం లేదు. కూడికల లూపులో నాలుగు మొత్తాలు విడివిడిగా పెట్టి చివర్లో కలిపాను, పోయిన వేగంలో చాలావరకు తిరిగొచ్చింది. బొమ్మలు గీసే కోడ్‌కైతే ఫాస్ట్-మ్యాథ్ ఇప్పటికీ వాడతాను. అక్కడ చివరి అంకెలు ఎవరు చూస్తారు?