నాలుగు వేసవులు, ఒక షీటు: యూటీఎం ట్యాగులతో నా అనుభవం

"నిరుడు ఆవకాయ వాట్సాప్ మీద ఎంత పోయిందిరా, ఈ ఏడు ఎంత పోయింది?" వేసవి అయ్యాక మా పిన్ని అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. క్లిక్కులు ఎన్ని, ఎంతమంది చూశారు అంటే ఆవిడ వినదు. నిరుటికీ ఇప్పటికీ తేడా చెప్పాలి, అంతే. ఆ తేడా నమ్మకంగా చెప్పడానికి నాకు మూడు వేసవులు పట్టింది.

పిన్ని గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్ముతుంది. 2022లో వెబ్‌సైట్ పెట్టాం, ఆన్‌లైన్ వ్యవహారమంతా నా నెత్తిన పడింది. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్, ఎస్సెమ్మెస్, మెయిల్, సీసా మీద క్యూఆర్ కోడ్. ఇన్ని దారుల్లో ఏ దారిన వచ్చినవాళ్లు కొంటున్నారో తెలియాలంటే లింకు చివర ట్యాగులు తగిలించాలి. వాటినే యూటీఎం అంటారు. అందులో 'యూ' అంటే అర్చిన్. 2005లో గూగుల్ కొన్న కంపెనీ పేరది. కంపెనీ పేరు జనం మర్చిపోయారు, తోక మాత్రం ఇరవై ఏళ్లుగా లింకులకు వేలాడుతూనే ఉంది. సోర్స్ (ఎక్కడినుంచి), మీడియం (ఏ రకం దారి), క్యాంపెయిన్ (ఏ ప్రచారం), టర్మ్, కంటెంట్ అని ముఖ్యమైనవి ఐదు ట్యాగులు. మాకు రోజూ పనికొచ్చేవి మొదటి మూడే.

పెట్టడం రెండు నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు. చిక్కల్లా ఏళ్ల తరబడి ఒకేలా పెట్టడంలో ఉంది. ట్యాగు తప్పు రాస్తే ఎక్కడా ఎర్రర్ రాదు. పేజీ తెరుచుకుంటుంది, ఆర్డరు వస్తుంది, డబ్బు పడుతుంది. లెక్క మాత్రం వేరే సీసాలోకి పోతుంది. ఒకసారి పడ్డాక వెనక్కి వెళ్లి దిద్దుకునే దారి లేదు.

మొదటి వేసవి చివర్లో గూగుల్ అనలిటిక్స్ (సైటుకు ఎవరు ఏ దారిన వచ్చారో లెక్కపెట్టే సాధనం) రిపోర్టు తెరిస్తే వాట్సాప్ ఐదు వరసల్లో కనబడింది. నేను అన్నీ చిన్న అక్షరాల్లో రాశాను. మా చెల్లి ఫోన్‌లోంచి లింకు తయారుచేసేది. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తనే పెద్దది చేసేసింది. ఇంకోచోట పొట్టిగా డబ్ల్యూఏ, ఒకచోట చివర ఖాళీ, ఒకచోట స్పెల్లింగు తప్పు. చిన్న అక్షరం, పెద్ద అక్షరం అనలిటిక్స్‌కు వేర్వేరు పేర్లే. పిన్నికి జవాబు చెప్పడానికి ఐదు వరసలూ కాలిక్యులేటర్ పెట్టి కూడాల్సి వచ్చింది.

ముచ్చటపడి ఒకసారి క్యాంపెయిన్ పేరు తెలుగులోనే పెట్టాను. 'ఆవకాయ' అని ముద్దుగా రాస్తే లింకులో అది పర్సెంట్ గుర్తులు, అంకెలు, అక్షరాలు కలిపి 45 గుర్తుల దండ అయింది. తెలుగు అక్షరానికి, గుణింతానికి ఒక్కోదానికి తొమ్మిదేసి గుర్తులు పడతాయి మరి. ఎస్సెమ్మెస్‌లో ఆ లింకు చూసినవాళ్లు మోసం మెసేజ్ అనుకుని ఉంటారు. అప్పటినుంచి ట్యాగుల్లో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ తప్ప ఇంకేమీ రానివ్వను.

2023లో గూగుల్ షీటు మొదలుపెట్టాను. నా దృష్టిలో ఈ వ్యాసం అసలు దాని గురించే. సోర్స్, మీడియం గడుల్లో టైపు చేయనివ్వదు, డ్రాప్‌డౌన్‌లోంచి ఎంచుకోవాల్సిందే. క్యాంపెయిన్ పేరు ఏడాదితో మొదలవుతుంది, తర్వాత సీజన్, తర్వాత సరుకు. ఎవరేం రాసినా ఫార్ములా దాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చి, ఖాళీలుంటే హైఫన్ పెట్టి, పూర్తి లింకును చివరి గడిలో చూపిస్తుంది. ఆ గడికి తాళం వేశాను. పక్కన ఇంకో రెండు గడులు: ఎవరు తయారుచేశారు, ఎక్కడ వాడారు. మా చెల్లికి మొదట్లో చిరాకేసింది. "ఒక్క స్టేటస్ పెట్టడానికి ఇంత తతంగమా అన్నయ్యా?" అంది. ఇప్పుడు షీటులో లేని లింకు నేను పంపిస్తే తనే పట్టుకుంటుంది.

డ్రాప్‌డౌన్‌లో ఏ మాటలు పెట్టాలన్నది కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. అనలిటిక్స్ తన లెక్కలో ఛానళ్లను కొన్ని ఖాయమైన మాటలను బట్టే విడదీస్తుంది. మీడియం దగ్గర ఈమెయిల్, ఎస్సెమ్మెస్, సోషల్ అని ఉంటే సరైన గూట్లో పడతాయి. నేను మొదట్లో మీడియం దగ్గర 'బ్రాడ్‌కాస్ట్' అని రాసేవాణ్ణి. వాటిలో కొన్ని 'అన్‌అసైన్డ్' (ఏ గూటికీ చెందనివి) అనే చెత్తబుట్టలో చేరాయి. వాట్సాప్‌కు సోర్స్ వాట్సాప్, మీడియం సోషల్ అని పెట్టాక కుదురుకుంది.

ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో క్యాంపెయిన్ పేరు దానంతట అదే లింకులోకి వచ్చే ఏర్పాటు ఉంది. సుఖంగానే ఉంటుంది గానీ, ప్రకటన మొదటిసారి పబ్లిష్ చేసినప్పటి పేరే అందులో ఉండిపోతుంది. తర్వాత మీరు పేరు మార్చినా లింకులో పాతదే వెళ్తుంది. నేను ఉగాది ప్రకటననే పేరు మార్చి మే నెలంతా నడిపాను, ఆవకాయ అమ్మకాలన్నీ ఉగాది ఖాతాలో చేరాయి. ఇప్పుడు పేరు బదులు ఐడీ నంబరు పంపించి, ఏ నంబరు దేనిదో షీటులో రాసుకుంటున్నాను.

ఇంకో తప్పు కూడా నాదే. సొంత సైట్‌లో హోమ్ పేజీ బ్యానరుకు కూడా ట్యాగు పెట్టాను. ఇన్‌స్టాగ్రామ్ నుంచి డబ్బు పెట్టి రప్పించినవాళ్లు బ్యానరు నొక్కగానే, వాళ్లను రప్పించిన గొప్ప కాస్తా బ్యానరు ఖాతాలోకి పోయింది. బయటినుంచి లోపలికి వచ్చే లింకులకే ట్యాగులు పెట్టాలి, లోపలి లింకులకు వద్దు.

పేమెంటు దగ్గర కూడా ఇలాంటిదే. కొనేవాళ్లు డబ్బు కట్టడానికి గేట్‌వే పేజీకి వెళ్లి తిరిగొస్తారు. అమ్మకం ఆ గేట్‌వే సైట్ పంపినట్టుగా నమోదవుతుంది. జీఏ4 (ఇప్పటి గూగుల్ అనలిటిక్స్) సెట్టింగుల్లో అక్కర్లేని రిఫరల్స్ (వచ్చిన దారిగా లెక్కపెట్టకూడని సైట్లు) జాబితా ఉంది, ఆ డొమైన్ అందులో వేస్తే సరి. గేట్‌వే మార్చినప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోవాలి. నేను ఒకసారి మర్చిపోయాను, మెయిల్ లెక్కలు ఆ నెల పాడయ్యాయి. సైటును కొత్త ప్లాట్‌ఫామ్‌కు మార్చినప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లించే చోట ప్రశ్న గుర్తు తర్వాత ఉన్న తోక మొత్తం ఊడిపోయింది. వచ్చినవాళ్లందరూ నేరుగా వచ్చినట్టే లెక్క పడింది. ఇప్పుడు సైటులో ఏం మార్చినా ముందు ఒక ట్యాగు లింకు నొక్కి, పేజీ తెరుచుకున్నాక పైన తోక ఉందో లేదో చూస్తాను, తర్వాత ఆ క్షణంలో సైటులో ఉన్నవాళ్లను చూపించే రియల్‌టైమ్ రిపోర్టు చూస్తాను.

పాత అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది, తర్వాత పాతవి కూడా చూడనివ్వలేదు. 2022 వేసవి అంకెలు నా దగ్గర ఉన్నాయంటే షీటులోకి ఎక్కించుకున్నందువల్లే. జీఏ4లో కూడా ఎక్స్‌ప్లొరేషన్ల (మనకు కావలసినట్టు తవ్వి చూసుకునే రిపోర్టుల) డేటా మామూలుగా రెండు నెలలే ఉంచుతుంది. సెట్టింగు మారిస్తే 14 నెలలు. ఆ సంగతి తెలియక 2024 జూన్‌లో నిరుటి వేసవిని తవ్వబోతే ఖాళీ పేజీ వచ్చింది. మామూలు రిపోర్టులకు ఈ గడువు వర్తించదు కాబట్టి పరువు దక్కింది. ఇప్పుడు ప్రతి నెల ఒకటో తారీఖున అంకెలు షీటులో రాసిపెడతాను.

మంచి సంగతులూ ఉన్నాయి. మాకు అమెరికా పిల్లల ఆర్డర్లు ఎక్కువ, వాళ్లలో చాలామంది చేతిలో ఐఫోన్లే. 2023లో ఐఓఎస్ 17 వచ్చినప్పుడు ట్రాకింగు తోకలన్నీ ఆపిల్ కత్తిరించేస్తుందని విని టెన్షన్ పడ్డాను. కత్తిరించేది మెయిల్‌లో, మెసేజెస్‌లో, సఫారీ ప్రైవేటు కిటికీలో ఒక్కో మనిషి క్లిక్కును గుర్తుపట్టే ఐడీలను. యూటీఎం జోలికి రాలేదు.

చేయలేనిదీ చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన లింకును మన అత్తయ్య పది ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేస్తే, మెయిల్‌లో పంపినా సరే, ఆర్డర్లన్నీ మొదటి ట్యాగు ఖాతాలోనే. నోటి మాట విని పేరు వెతుక్కుని వచ్చేవాళ్లకు ట్యాగే ఉండదు. మా వ్యాపారంలో సగం ప్రాణం ఆ నోటి మాటే.

ట్యాగు లింకులు తయారుచేసే టూల్ ఒకటి డబ్బు కట్టి ఆరు నెలలు వాడి మానేశాను. చెడ్డదేం కాదు, మా ఇద్దరికీ షీటు చాలు. ముగ్గురు నలుగురు కలిసి లింకులు చేసే చోట అలాంటిది అవసరమవుతుందేమో. పొడుగు లింకును పొట్టి చేసి ఇచ్చే ఉచిత సర్వీసులు మాత్రం వద్దు. గూగుల్ సొంత సర్వీసే 2019లో కొత్తవి ఇవ్వడం మానేసింది. మా డొమైన్ మీదే చిన్న లింకు పెట్టుకున్నాం, క్యూఆర్ దానికి వెళ్తుంది, అక్కడినుంచి ఎక్కడికి పంపాలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆ తెలివి మొదటి లేబుళ్లప్పుడు లేదు. 2022లో రెండు వేల లేబుళ్లు వేయించాం. ప్రెస్సులో కుర్రాడు "అన్నా, స్కాన్ చేసి చూసుకున్నావా, ఫైనలేనా?" అని అడిగాడు. చూశాను, పేజీ తెరుచుకుంది, ఫైనల్ అన్నాను. ప్రయత్నంగా రాసిన క్యాంపెయిన్ పేరు 'టెస్ట్' అందులో అలాగే ఉండిపోయింది. గాజు సీసా మనవాళ్లు ఎవరు పారేస్తారు? పచ్చడి అయిపోయాక ధనియాలో కందిపప్పో పోసుకుంటారు. ఎప్పుడో గుర్తొచ్చి స్కాన్ చేస్తారు. ఈ జూన్ లెక్కలు చూపిస్తుంటే పిన్ని ఆ వరస మీద వేలు పెట్టింది.

"ఈ టెస్ట్ ఎవర్రా, ప్రతి ఏడూ కొంటున్నారు? ఈసారి వాళ్లకు గోంగూర కాస్త ఊరికే వేసి పంపించు."