వాడిపోతున్న గులాబీకి ఏది మేలు: మందు పోయడమా, ట్రైకోడెర్మానా, ఎత్తు చేసి నాటడమా?

కడియం నర్సరీల నుంచి తెచ్చి పెరట్లో పెట్టిన గులాబీ వేసవిని ఎలాగోలా గట్టెక్కుతుంది. కాలువలకు నీళ్ళు వదిలి, పైనుంచి వానలూ పట్టుకున్నాకే దానికి అసలు కష్టం మొదలవుతుంది. పాదంతా తడిగానే ఉంటుంది, ఆకులు మాత్రం మధ్యాహ్నానికి వేలాడిపోతాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం. చాలా మొక్కల ప్రాణం తీసేది ఆ చెంబే.

మందు కొనేముందు పాదు కాస్త తవ్వి, సన్నటి వేరొకటి రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి చూడండి. మంచి వేరు లేత రంగులో, గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరైతే నల్లటి పైతోలు జారి చేతికి వచ్చేస్తుంది, లోపల దారంలాంటి నార ఒక్కటే మిగులుతుంది. మట్టి మురుగు వాసన కొడుతుంది. అది వేరుకుళ్ళు. వేళ్ళు బాగానే ఉండి, కత్తిరించిన చోటు నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతుంటే మాత్రం అది ఎండుకొమ్మ తెగులు. దానికి పాదులో మందు పోసి లాభం లేదు. నల్లబడిన చోటికి రెండంగుళాల కింద, పచ్చి భాగం దాకా కోసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు ముద్ద రాయాలి. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, తెగులు కాదు.

ఇక వేరుకుళ్ళు అని తేలిందనుకుందాం. దుకాణంలో అడిగితే చాలామంది కార్బెండజిమ్ చేతిలో పెడతారు. అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం (బూజు) మీద పనిచేస్తుంది. కానీ నీళ్ళు నిలిచే నేలలో వేళ్ళను పట్టేది చాలాసార్లు పిథియం, ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవులు. ఇవి అసలు శిలీంధ్రాల జాతే కాదు, కార్బెండజిమ్ వాటినేమీ చేయలేదు. వాటికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పోయాలి. అందులోని మెటలాక్సిల్‌కి ఫ్యుజేరియం లొంగదు. ఇంట్లో కూర్చుని ఏది పట్టిందో తేల్చలేం కాబట్టి, ఒక్కటే కొనాలంటే నేను కాపర్ ఆక్సీక్లోరైడ్‌కే ఓటేస్తాను. లీటరుకి 3 గ్రాములు కలిపి వేళ్ళంతా తడిసేలా పోయాలి. పది పదిహేను రోజులకి ఇంకోసారి. ఇది రెండు రకాలనూ కొంతవరకు ఆపుతుంది. ఆపుతుందంతే, కుళ్ళిన వేరుని మాత్రం బాగుచేయదు.

ట్రైకోడెర్మా విరిడి సంగతి వేరు. అది మంచి శిలీంధ్రం, మట్టిలో పెరిగి చెడ్డవాటిని అణచిపెడుతుంది. కిలో చివికిన పశువుల ఎరువుకి 20 గ్రాముల లెక్కన, గుప్పెడు వేపపిండితో కలిపి, నీడలో తడిగుడ్డ కప్పి వారం ఉంచాక వేయాలి. కొత్తగా నాటే మొక్కకి ఇంతకన్నా మంచిది లేదు. ఇప్పటికే తల వాల్చేసిన మొక్కని మాత్రం ఇది ఒక్కటే నిలబెట్టలేదు, అంత తీరిక దానికి ఉండదు. రాగి మందు పోసిన రోజే దీన్నీ వేస్తే డబ్బులు దండగ. ఆ రాగి దీన్నీ దెబ్బతీస్తుంది. రెండింటికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి.

మన గోదావరి డెల్టాలో పై రెండింటికన్నా మేలైనది మట్టిపని అని నా గట్టి నమ్మకం. నర్సరీ మొక్క ఎర్రమట్టి గడ్డతో వస్తుంది. దాన్ని మన జిగట నల్లమట్టిలో గొయ్యి తీసి పెడతాం. చుట్టూ నీరు ఇంకని గోడలు, మధ్యలో వదులు మట్టి. వాన పడితే ఆ గొయ్యి నీళ్ళు నిండిన గిన్నె అయిపోతుంది. కోనసీమలో కొబ్బరి పొట్టు ఊరికే దొరుకుతుందని గోతినిండా దట్టించేవాళ్ళున్నారు. అది నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, వానాకాలంలో ఇంకా కీడు. గులాబీ వేళ్ళకి గాలి కావాలి. గాలి ఆడని మట్టిలో ఎంత ఖరీదైన మందు పోసినా పదిరోజుల మురిపెమే.

చిన్న మొక్కయితే తవ్వి తీసి, కుళ్ళిన వేళ్ళు కోసేయండి. పైకొమ్మలు సగానికి తగ్గించండి. మట్టి, ఇసుక, చివికిన ఎరువు కలిపి అడుగు ఎత్తు దిబ్బ చేసి, అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండేలా నాటండి. నాలుగైదేళ్ళ మొక్కని పెకలిస్తే తట్టుకోవడం కష్టం. దానికి పాదు గట్టు తెంపి, వాలు ఉన్న వైపు చిన్న కాలువ తీస్తే చాలు. ఆ తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్, కొత్త చిగురు కనిపించాక ట్రైకోడెర్మా. అందాకా యూరియా జోలికి పోకండి.

అంటు దగ్గర బెరడు గోటితో గీకినప్పుడు పచ్చదనం కనిపిస్తే ఇదంతా చేయండి. చుట్టూ గోధుమ రంగే ఉంటే ఆ మొక్క ఇక లేవదు. వేళ్ళతో సహా తీసి కాల్చేసి, ఆ గోతిలో వెంటనే ఇంకో గులాబీ పెట్టకండి.