రుణమాఫీ సర్టిఫికెట్ అమ్ముతున్నారు, కొనకండి

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఏది తెరిచినా ఈ మధ్య ఇదే యాడ్. "పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు, ముద్ర లోన్ ఏదైనా సరే, లీగల్‌గా మాఫీ చేయిస్తాం. రేపటి నుంచి ఈఎంఐ కట్టే పని లేదు." ఫారం నింపితే పావుగంటలో ఫోన్ వస్తుంది. నింపకపోయినా వస్తుంది, అది వేరే సంగతి. రిజిస్ట్రేషన్ అని కొంత, లీగల్ ఫీజు అని మరికొంత, జీఎస్టీ అని ఇంకొంత కట్టించుకుని చివరికి మెయిల్లో ఒక పీడీఎఫ్ పంపుతారు. పైన మూడు సింహాల ముద్ర, కింద ఎవరిదో సంతకం, పక్కన క్యూఆర్ కోడ్. దాన్ని బ్రాంచికి పట్టుకెళ్తే మేనేజర్ చేతిలోకి కూడా తీసుకోడు. ఈలోపు ఈఎంఐలు ఆపేసి ఉంటారు కాబట్టి అదే బ్రాంచి నుంచి నోటీసు బయల్దేరి ఉంటుంది.

ఈ వ్యాపారం మీద రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబర్ 11నే ప్రకటన ఇచ్చింది. కొన్ని సంస్థలు ఏ అధికారమూ లేకుండా సర్వీస్ చార్జీ, లీగల్ ఫీజు వసూలు చేసి రుణమాఫీ సర్టిఫికెట్లు ఇస్తున్నాయని, బ్యాంకుకు బాకీ కట్టక్కర్లేదని జనాన్ని నమ్మిస్తున్నాయని, వాటి జోలికి పోవద్దని అందులో ఉంది. అప్పు తగ్గించగలిగేది ఇచ్చిన బ్యాంకు. కట్టగలిగేది మీరు, లేదంటే మీ తరఫున ప్రభుత్వం. సర్టిఫికెట్ అమ్మేవాడికి మధ్యలో చోటే లేదు.

అయినా ఎందుకు అమ్ముడుపోతోందంటే, వాళ్లు పట్టుకునేది మన కడుపుమంటని. "పెద్దోళ్లకి లక్షల కోట్లు రైటాఫ్ చేశారు సార్, మీ రెండు లక్షలు చేయరా?" అంటాడు ఫోన్లో. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ బ్యాంకు రైటాఫ్ చేసిందంటే రాని బాకీని తన లెక్కల పుస్తకం నుంచి పక్కన పెట్టిందని అర్థం. వసూలు చేసే హక్కు అలాగే ఉంటుంది, కేసులూ నడుస్తుంటాయి, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో కూడా "రిటెన్ ఆఫ్" అని పడి కొత్త లోన్ పుట్టదు. పెద్దవాళ్ల దగ్గర వసూలు సరిగ్గా జరగడం లేదని గొడవ పడొచ్చు, పడాలి కూడా. ఆ వార్త చూపించి మన అప్పు ఎగిరిపోతుందని చెప్పేవాడు మాత్రం దొంగే.

రెండో ఎర ప్రభుత్వాల పంట రుణమాఫీ. అసలు మాఫీ ఎలా జరుగుతుందో ఒకసారి చూస్తే నకిలీ ఇట్టే దొరికిపోతుంది. తెలంగాణలో 2024లో జరిగింది స్వల్పకాలిక పంట రుణాలకే. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్నవి, రెన్యువల్ చేసుకున్నవి, కుటుంబానికి 2 లక్షల వరకు. జూలై 18న లక్ష లోపు వాళ్లకి, 30న లక్షన్నర లోపు వాళ్లకి, ఆగస్టు 15న రెండు లక్షల లోపు వాళ్లకి నేరుగా లోన్ ఖాతాలో జమ చేశారు. ఫీజు లేదు, ఏజెంట్ లేడు. మహిళా సంఘాల అప్పులు అందులో లేవు, పర్సనల్ లోన్లు, కార్డు బాకీల ఊసే లేదు. ఆధార్ వివరాలు తప్పు పడో, కుటుంబ నిర్ధారణ కాకో ఆగినవాళ్లు కూడా అప్పట్లో వెళ్లాల్సి వచ్చింది వ్యవసాయ శాఖ వాళ్ల దగ్గరికే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 నాటి మాఫీ కూడా కుటుంబానికి లక్షన్నర పరిమితితో, విడతల వారీగా జరిగింది. ఎక్కడా రైతు ముందుగా ఎవరికో డబ్బు కట్టి మాఫీ తెచ్చుకోవడం అన్నది లేదు.

ఇదే సందులో ఇంకో రకం దూరింది. "రుణమాఫీ లిస్టులో మీ పేరు చూసుకోండి" అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో కూడా వస్తుంది. చాలాసార్లు వచ్చేది తెలిసినవాళ్ల నంబర్ నుంచే, ఎందుకంటే వాళ్ల వాట్సాప్ అప్పటికే దొంగల చేతికి పోయి ఉంటుంది. ఫైల్ పేరు చివర చూడండి: ఏపీకే అని ఉంటే అది లిస్టు కాదు, యాప్. లిస్టు అయితే పీడీఎఫ్‌గానో ఫొటోగానో ఉంటుంది. నొక్కితే "తెలియని చోటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా" అని ఫోనే అడుగుతుంది. అక్కడ సరే అన్నాక అది ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, యాక్సెసిబిలిటీకి, అంటే మీ స్క్రీన్ చూసి మీ బదులు నొక్కడానికి, పర్మిషన్ తీసుకుంటుంది. అప్పటి నుంచి మీకు వచ్చే ఓటీపీ ముందు వాడికి చేరుతుంది. ఐకాన్ కూడా మాయమవుతుంది, మీరు ఏమీ ఇన్‌స్టాల్ కాలేదనుకుంటారు.

పొరపాటున నొక్కి ఉంటే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపి సిమ్ తీసేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించండి. సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టు తెరిస్తే ఐకాన్ లేకపోయినా పేరు కనిపిస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే డివైస్ అడ్మిన్ యాప్స్‌లోకి వెళ్లి దాని టిక్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే ఫొటోలు మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. తర్వాత సిమ్ వేసి ##002# డయల్ చేస్తే ఎవరైనా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

ఇక బోర్డు పెట్టుకుని నడిచే సెటిల్‌మెంట్ కంపెనీలు. వీళ్లు మాఫీ అనరు, "సగానికి సెటిల్ చేయిస్తాం" అంటారు. సెటిల్‌మెంట్ అనేది నిజంగానే ఉంది కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. లెక్క వేసి చూద్దాం. కార్డు బాకీ 1,50,000. వీళ్ల ఫీజు 15 శాతం అనుకుంటే 22,500, దాని మీద జీఎస్టీ 4,050, మొత్తం 26,550 ముందే కట్టాలి. "బ్యాంకు దిగిరావాలంటే ఆరు నెలలు ఏమీ కట్టొద్దు" అంటారు. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతమైతే నెలకు 5,250, ఆరు నెలలకు 31,500, దాని మీద జీఎస్టీ 5,670. లేట్ ఫీజులు, వడ్డీ మీద వడ్డీ వేయకుండానే 37,170. అంటే 63,720 మీ నెత్తిన పడింది, బ్యాంకుతో మాటలింకా మొదలే కాలేదు. కంపెనీ వాడు ఈ ఆరు నెలల్లో చేసేది బ్యాంకుకు రెండు మూడు మెయిళ్లు పెట్టడం, అవి మీరూ పెట్టగలరు. అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో "ఫలితానికి గ్యారంటీ లేదు, ఫీజు వాపసు లేదు" అని ఉంటుంది. యాడ్‌లో ఉండదు.

కట్టడం ఆపితే ఏమవుతుందో వాళ్లు చెప్పరు. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఇల్లు తాకట్టు ఉంటే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆ తర్వాత స్వాధీనం. బంగారం లోన్ అయితే వేలం. ఈఎంఐ కోసం ఇచ్చిన చెక్కు బౌన్సయితే 138 సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు, ఆటో డెబిట్ బౌన్సయినా కేసు వేయడానికి చట్టం ఉంది. సెటిల్‌మెంట్ నిజంగా కుదిరినా సిబిల్‌లో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. 2023 జూన్ 8 నాటి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం వ్యవసాయేతర అప్పుల్లో రాజీ కుదిరితే, అదే బ్యాంకు మళ్లీ అప్పు ఇవ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలి. కట్టే స్తోమత ఉన్నవాళ్లు తగ్గింపు వస్తుందన్న ఆశతో ఇందులోకి దిగడం శుద్ధ నష్టం.

నిజంగా కట్టలేని పరిస్థితి ఉంటే దారి ఇది. ఉద్యోగం పోవడమో, జబ్బో, పంట పోవడమో కారణం రాసి, ఆధారాలు జతచేసి బ్రాంచికీ, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కీ వన్ టైమ్ సెటిల్‌మెంట్ కోసమో, వాయిదాలు పెంచమనో అర్జీ పెట్టండి. పైసా ఖర్చు లేదు. ఒప్పుకుంటే బ్యాంకు లెటర్ వస్తుంది. అందులో లోన్ ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, ఇదే పూర్తి, తుది చెల్లింపు అన్న మాట ఉన్నాయో లేదో చూసుకోకుండా ఒక్క రూపాయి కట్టకండి. కట్టేది లోన్ ఖాతాలోకే, రికవరీ ఏజెంట్ యూపీఐకి కాదు. తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఆస్తి కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం. లోక్ అదాలత్‌లో కూడా బ్యాంకు బాకీలు రాజీ చేస్తారు, కోర్టు ఫీజు ఉండదు, అయితే అక్కడి అవార్డు మీద అప్పీలు కూడా ఉండదు, సంతకానికి ముందే అంకెలు చూసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, అదీ ఉచితమే. వివరాలకు 14448.

మెయిళ్ల సంగతి. "రిజర్వ్ బ్యాంకు నుంచి మీకు మాఫీ మంజూరైంది" అనే మెయిల్ ఏదైనా సరే అబద్ధమే, ఎందుకంటే మామూలు జనం ఖాతాలు ఆర్‌బీఐ దగ్గర ఉండవు. బ్యాంకు పేరుతో వస్తే పంపినవాడి పేరు చూసి ఆగిపోకండి, పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ఫోన్లో జీమెయిల్ తెరిచి పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే అసలు అడ్రస్ కనిపిస్తుంది. ఇప్పుడు బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాయి. 2025 అక్టోబర్ 31 లోగా మారాలని ఆర్‌బీఐ గడువు పెట్టింది, ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లో ఆర్‌బీఐ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే. అందుకే ఎవడు పడితే వాడు కొనలేడు. చూడాల్సింది అడ్రస్ చివర. బ్యాంక్ డాట్ ఇన్ అన్న మాట మధ్యలో ఎక్కడో ఉండి, చివర డాట్ కామ్ అనో డాట్ ఎక్స్‌వైజెడ్ అనో ఉంటే అది నకిలీ. లింకు నొక్కే బదులు అడ్రస్ మీరే టైప్ చేయండి.

కాల్స్ విషయంలో అంకెలు గుర్తుపెట్టుకోండి. ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు, ఖాతా లావాదేవీల కాల్స్‌కి 1600తో మొదలయ్యేవి వాడాలని 2025 జనవరిలో ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. మామూలు పది అంకెల మొబైల్ నుంచి "లోన్ వెయివర్ డిపార్ట్‌మెంట్" అంటే ఫోన్ పెట్టేయండి. 1600 నంబర్ అయినా ఓటీపీ చెప్పకూడదు. విసుగు తెప్పించే కాల్స్ ఆగాలంటే ఇంగ్లిష్‌లో స్టార్ట్ 0 అని 1909కి ఎస్సెమ్మెస్, దీన్నే డీఎన్‌డీ అంటారు. డీఎన్‌డీ పెట్టినా కాల్ వస్తే ఏడు రోజుల్లోపు 1909కి గానీ ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ నంబరు, తేదీ, విషయం రాసి ఫిర్యాదు చేయొచ్చు. కాలర్ మొబైల్ నంబర్ నుంచి చేస్తుంటే డీఎన్‌డీ లేకపోయినా ఫిర్యాదు తీసుకుంటారు. అడిగింది డబ్బో, ఓటీపీనో అయితే అది 1909 పని కాదు, టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీలో మోసపు కాల్స్ కోసం ఉన్న చక్షులో ఫిర్యాదు పెట్టండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే కాల్ లాగ్ స్క్రీన్‌షాట్‌తో బ్యాంకుకే రాయండి.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ఈ పోస్టు పూర్తయ్యే దాకా కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. యూపీఐ లావాదేవీలోని 12 అంకెల నంబరు, తేదీ, టైమ్, ఎవరి పేరు మీద వెళ్లిందో దగ్గర పెట్టుకోండి. డబ్బు మొదటి ఖాతాలో ఉండగానే ఫ్రీజ్ చేస్తే దొరుకుతుంది, నాలుగు ఖాతాలు మారాక కష్టం. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్లో వివరాలు నింపి ఎకనాలెడ్జ్‌మెంట్ నంబరు రాసుకోండి, మీ బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా చెప్పండి. తెలంగాణలో ఫ్రీజ్ అయిన మొత్తాన్ని లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగిస్తున్నారు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే ఈరోజే స్టాప్ పేమెంట్. ఆటో డెబిట్‌కి ఒప్పుకుని ఉంటే బ్యాంకులో ఆ మాండేట్ రద్దు. పాన్, ఆధార్ ఇచ్చి ఉంటే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి, నెల తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి మీకు తెలియని లోన్ ఏమైనా ఉందేమో చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా సరిపోతుంది. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 చొప్పున మీకే ఇవ్వాలి.

ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకి ఇంకో ఫోన్ వస్తుంది. "మీరు ఫలానా కంపెనీకి కట్టిన డబ్బు రికవర్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే రిలీజ్ చేస్తాం." మీరు ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో కూడా చెబుతాడు, ఎందుకంటే మీ వివరాలు అమ్మింది ఆ మొదటి ముఠానే. 1930 వాళ్లు గానీ పోలీసులు గానీ కోర్టు గానీ రిఫండ్ ఇవ్వడానికి యూపీఐలో ఫీజు అడగరు. ఆ నంబర్ని కూడా అదే ఎకనాలెడ్జ్‌మెంట్ నంబరుతో ఫిర్యాదులో చేర్చండి.