దారం కట్టరు: స్ప్రింగు చూసి కొనాలి

విశాఖలో పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల టైలరింగ్ సామాను కొట్లలో దారం కట్టరు అడిగితే మూడు రకాలు చూపిస్తారు. మొదటిది రంగు ప్లాస్టిక్ పిడిలో రెండు పొట్టి బ్లేళ్లు బిగించినది. దీనికి పిడి మీద వేలు దూర్చే రింగు, ముందు చిన్న టోపీ ఉంటాయి. రెండోదానికి పిడంటూ వేరుగా ఉండదు. ఒకే ఉక్కు పట్టీని యూ ఆకారంలో వంచి, రెండు కొసలనూ బ్లేళ్లుగా తీర్చుతారు, ఆ వంచిన పట్టీయే స్ప్రింగు. ఇది జపాన్ వాళ్ల నిగిరి బసామి నమూనా. అక్కడ హ్యోగో ప్రాంతంలోని ఓనో పట్టణం ఈ కత్తెరలకు పేరుపడ్డది. మూడోదానికి మధ్యలో రివిటు, పిడుల మధ్య స్ప్రింగు ఉంటాయి, మొన కాస్త పైకి వంగి ఉంటుంది. ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు దీన్నే ఎక్కువగా తీసుకుంటారు. మూడింటినీ మిషన్ దగ్గర, చేతికుట్టు దగ్గర, మగ్గం వర్కు దగ్గర ఏళ్లుగా వాడుతున్నాం. వాటి తయారీలో ఏది పనికొస్తుంది, ఏది ముందు పాడవుతుంది అన్నదే ఈ సమీక్ష.

కొనేటప్పుడు అందరూ బ్లేడు మీద వేలు ఆనించి పదును చూస్తారు. కొత్త కట్టరు ఏదైనా పదునుగానే ఉంటుంది కాబట్టి దానివల్ల తెలిసేది తక్కువ. మామూలు కత్తెరలో రెండు బ్లేళ్లనూ దగ్గరగా నొక్కి ఉంచేది మధ్యలోని స్క్రూ. రివిటు లేని కట్టరులో ఆ స్క్రూ లేదు. నోరు తెరిచేదీ స్ప్రింగే, రెండు బ్లేళ్లు పక్కకు జరగకుండా ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్లేలా పట్టి ఉంచేదీ స్ప్రింగే. అందుకే స్ప్రింగు బలహీనమైతే బ్లేడు ఎంత పదునుగా ఉన్నా దారం తెగదు.

ఎందుకు తెగదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బాగా చేసిన కట్టరు బ్లేళ్లు పలకలాగా చదునుగా ఉండవు, లోపలివైపు వెంట్రుకవాసి వంపు ఉంటుంది. కట్టరు మూసి, అంచు కంటికి ఎదురుగా వచ్చేలా తిప్పి, ట్యూబ్‌లైటు వైపు పెట్టి చూడండి. మొన దగ్గర రెండూ తాకుతాయి, నడుమ సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. ఆ వెలుతురు ఉండాల్సిందే. తెరిచి మెల్లగా మూస్తుంటే బ్లేళ్లు ఒక్కచోటే తాకుతూ, ఆ తాకే చోటు మొదలు నుంచి మొన దాకా జరుగుతూ పోతుంది. దారం తెగేది అక్కడే. జాకెట్లు, చుడీదార్లు కుట్టే మామూలు పాలిస్టర్ దారం, అంటే టికెట్ 120 (దారం లావును చెప్పే నంబరు), సుమారు 0.2 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. తాకాల్సిన చోట అందులో సగం సందు వచ్చినా దారం తెగకుండా మడతపడి బ్లేళ్ల మధ్యకు జారుకుంటుంది. పైకి లాగితే కుట్టు కూడా దాంతో వస్తుంది. జార్జెట్, షిఫాన్ మీద ఇలా జరిగితే ఆ చోట బట్ట ముడుచుకుపోతుంది.

కొట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. కట్టరును సగం మూసి, ఒక బ్లేడును కదలకుండా పట్టుకుని రెండోదాన్ని వేలితో పక్కకు, అంటే మొదటిదానికి దూరంగా, నెట్టి చూడండి. కొద్దిగా కదిలి వెంటనే వెనక్కి వస్తే మంచిదే. రెండు మిల్లీమీటర్లు ఊగితే పక్కన పెట్టేయండి. ఈ ఊగుడును ఆపేది స్ప్రింగు పట్టీ వెడల్పు. ఎనిమిది పది మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ పక్కకు వంగదు. సన్నటి పట్టీ, గుండ్రటి తీగ స్ప్రింగు పెట్టినవి నోరు చక్కగానే తెరుస్తాయి గానీ బ్లేళ్లను దగ్గరగా పట్టి ఉంచలేవు. ఆ తర్వాత ఒంటిపోగు దారం ఒకటి వేలాడదీసి, బిగువుగా లాగకుండా, మొన చివరి రెండు మూడు మిల్లీమీటర్లతోనే కత్తిరించి చూడండి. బిగువుగా పట్టిన దారాన్ని మొద్దు బ్లేడైనా తెంపుతుంది. వదులుగా ఉన్న దారాన్ని మొనతో తెంపగలిగితేనే అది కట్టరు.

ప్లాస్టిక్ రకంలో మాత్రం స్ప్రింగు దేనితో చేశారో వెనక చివర చూసి తెలుసుకోవాలి. కొన్నిటిలో రెండు సగాల మధ్య ఉక్కు పట్టీ కనిపిస్తుంది. కొన్నిటిలో ప్లాస్టిక్కే వంపు తిరిగి స్ప్రింగు పని చేస్తుంది. ఈ రెండోది కొన్నప్పుడు చేతికి ఎంతో మెత్తగా, హాయిగా ఉంటుంది. కానీ ప్లాస్టిక్‌ను చాలాసేపు నొక్కి ఉంచితే ఆ ఆకారానికే అలవాటు పడిపోతుంది. టోపీ పెట్టి, నోరు మూసి డ్రాయర్లో పడేస్తే కొన్నాళ్లకు నోరు సగమే తెరుచుకుంటుంది. మన వైజాగ్ ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒకసారి అలా కుదించుకుపోయిన ప్లాస్టిక్‌కు మళ్లీ బలం రాదు. ఉక్కు పట్టీ ఉన్నదానికి ఈ బాధ లేదు. టోపీ సంచిలో వేసుకుని వెళ్లేటప్పుడు పెట్టండి, మిషన్ దగ్గర ఉన్నంతసేపూ తీసి తెరిచే ఉంచండి.

నోరు ఎంత తెరుచుకోవాలి? మొనల మధ్య ఒక సెంటీమీటరు, కొంచెం ఎక్కువైనా పరవాలేదు. రెండు సెంటీమీటర్లు తెరుచుకునేవి చూడ్డానికి జోరుగా ఉంటాయి గానీ, ప్రతిసారీ బొటనవేలు అంత దూరం ప్రయాణం చేయాలి. ఒక్క బ్లౌజుకే పదుల కొద్దీ దారం కొసలు కత్తిరించాలి. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టేది ఇలాంటివాటితోనే. స్ప్రింగు మరీ గట్టిగా ఉన్నా అంతే. మరీ మెత్తగా ఉంటే ఇంకో తంటా వస్తుంది. బ్లేళ్ల మధ్య కాస్త నూగు చేరగానే నోరు తనంతట తాను తెరుచుకోదు, వేలితో విప్పాల్సి వస్తుంది.

ప్లాస్టిక్ పిడి లోపల, రెండు సగాలూ ఎదురెదురుగా వచ్చేచోట, చిన్న బొడిపె లాంటి అడ్డు ఉంటుంది. దాన్ని ఎవరూ గమనించరు. బ్లేళ్లు ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించేది అదే. అది అరిగినా, విరిగినా మొనలు ఒకదాన్నొకటి దాటి బయటికి పొడుచుకొస్తాయి. అప్పుడు దారంతో పాటు కింద బట్ట పోగు కూడా తెగుతుంది. సరైన కట్టరు పూర్తిగా మూస్తే రెండు మొనలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, దాటినా గోరంచంతే. కొనేటప్పుడు గట్టిగా నొక్కి ఇది కూడా చూడండి. యూ ఆకారం ఉక్కు కట్టరులో చాలావాటికి ఈ అడ్డు ఉండదు, చేతి నొక్కుడే కొలత. అందుకే ప్లాస్టిక్‌కు అలవాటుపడ్డవాళ్లు మొదట్లో ఉక్కుదాన్ని అవసరానికి మించి నొక్కుతారు.

రింగు గురించి రెండు మాటలు. వరసగా కుట్టేపనిలో రింగు మంచిదే. ఉంగరం వేలో చిటికెన వేలో అందులో ఉంచి, కట్టరును అరచేతిలోనే పెట్టుకుని బట్ట నడపవచ్చు, తీసి పెట్టే పని ఉండదు. చేతికుట్టులో, హెమ్మింగులో మాత్రం అడ్డంగా ఉంటుంది. లావు వేళ్లకు చాలా రింగులు సరిపోవు కూడా. దుస్తుల ఫ్యాక్టరీల్లో కట్టరును తాడుతో మిషన్‌కే కట్టి ఉంచుతారు. పదునైన వస్తువు బట్టల్లో కలిసి ప్యాకింగుకు వెళ్లిపోకుండా అది జాగ్రత్త. చిన్నపిల్లలున్న ఇళ్లలో కూడా ఆ పద్ధతి మంచిది.

ఇక తుప్పు. విశాఖలో ఇది పెద్ద విషయం. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఉప్పుగాలికి ఇనుప వస్తువు ఏదీ ఆగదు. గాజువాక, పెందుర్తి వైపు కొంత నయం. కట్టరు మీద తుప్పు మొదలయ్యే చోటు మనకు కనిపించే బ్లేడు కాదు. బ్లేడు ప్లాస్టిక్‌లోకి దూరే సందులో చెమట, తేమ నిలుస్తాయి, అక్కడ మొదలవుతుంది. ఉక్కు కట్టరులో అయితే వేళ్లు ఆనే చోట, యూ వంపు లోపలివైపు. లోపలి ముఖానికి తుప్పు పాకి గరుకెక్కితే బ్లేళ్లు జారడం మానేసి గీసుకుంటాయి, అంచు చెడిపోతుంది. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నదానికి అయస్కాంతం అంటుకుంటే నకిలీ అనుకోకండి. పదును నిలిచేలా గట్టిపరిచే స్టెయిన్‌లెస్ రకాలకు అయస్కాంతం అంటుకుంటుంది. అవి కూడా తుప్పు పట్టవని కాదు, ఆలస్యంగా పడతాయి. కార్బన్ ఉక్కుకు పదును బాగా నిలుస్తుంది గానీ మన గాలికి రోజూ తుడవాల్సిందే. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి మిషన్ ఆయిల్ ఒక్క చుక్క లోపలి ముఖం మీద వేసి, నాలుగైదుసార్లు ఆడించి, పనికిరాని గుడ్డ ముక్క మీద దారాలు కత్తిరించండి. నూనె ఎక్కువైతే లేతరంగు పట్టుమీద మరక పడుతుంది. ఆ మరక పోగొట్టడం కంటే తుప్పు తీయడం సులువు.

నూనెకు నూగు తోడైతే బ్లేళ్ల మొదట్లో నల్లటి ముద్దలా పేరుకుంటుంది. బాగా తెగే కట్టరు ఉన్నట్టుండి మొన దగ్గర తెగకపోవడానికి మేము చూసిన కారణాల్లో అన్నిటికన్నా తరచుగా వచ్చేది ఇదే. మొదట్లో కాగితమంత మందం ముద్ద చేరితే బ్లేళ్లు ఆ ముద్దమీదే ఆనుకుని మొన దాకా తాకవు. పాత టూత్‌బ్రష్‌తో గానీ, అగ్గిపుల్ల చెక్కి గానీ తీసేస్తే మళ్లీ కొత్తదానిలా తెగుతుంది. పదును పోయిందని పారేసిన కట్టర్లలో చాలావాటికి ఈ శుభ్రమే సరిపోయేది.

జరీకి వేరే కట్టరు పెట్టుకోండి. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. అసలు జరీలో లోహపు తీగ ఉంటుంది, మగ్గం వర్కులో వాడే జర్దోసీ స్ప్రింగు అచ్చంగా తీగ చుట్టే. వాటిని కత్తిరించిన బ్లేడు అంచున చిన్న చిన్న గాట్లు పడతాయి. ఆ గాట్లలో పట్టుపోగు చిక్కుకుని లాగుతుంది. వేలిగోరును అంచు మీద అడ్డంగా, తేలిగ్గా జరిపితే గాటు ఉన్నచోట గోరు ఆగుతుంది. పాత కట్టరు ఒకదానికి రంగుదారం కట్టి జరీకి కేటాయిస్తే కొత్తది చాలాకాలం బతుకుతుంది. ఫాల్ కుట్టే సన్నటి నైలాన్ దారం కూడా ఇబ్బందే. నున్నటి అంచు మీద అది ముందుకు జారిపోతుంది. ఒక బ్లేడుకు కంటికి కనిపించీ కనిపించని పళ్లు కోసిన రకం దానికి బాగా పట్టు ఇస్తుంది. కానీ ఆ పళ్లున్న బ్లేడును ఇంట్లో సాన పట్టలేం.

సాన విషయానికొస్తే, వీధిలో చక్రం తిప్పే సానవాడికి పెద్ద కత్తెర ఇవ్వండి, దారం కట్టరు ఇవ్వకండి. బ్లేడు వెడల్పే ఆరేడు మిల్లీమీటర్లు. చక్రం ఒక్క తాకుడుకే ఎక్కువ లోహం తినేస్తుంది, వేడికి అంచు నీలిరంగు తిరిగితే ఉక్కు మెత్తబడినట్టే. యూ ఆకారం ఉక్కు కట్టరును ఇంట్లోనే వెయ్యి నంబరు సానరాయి మీద పట్టవచ్చు. ముందు వాలుగా ఉన్న బయటి అంచుకు స్కెచ్ పెన్ను సిరా పూయండి. రాయి మీద పాత వాలు ఎంత ఉందో అంతే ఆనించి, మొదలు నుంచి మొన దాకా ఒకే దిశలో అయిదారుసార్లు జరపండి. సిరా అంతటా సమంగా చెరిగితే కోణం సరిగ్గా ఉన్నట్టు, ఒకపక్కే చెరిగితే చెయ్యి మార్చుకోవాలి. లోపలి ముఖాన్ని మాత్రం రాయి మీద అరగదీయకూడదు. అక్కడి వంపు పోతే కట్టరు పోయినట్టే. అంచున లేచిన సన్నటి పొర పోవడానికి లోపలివైపు రాయిమీద ఒక్కసారి, బరువు వేయకుండా, తాకిస్తే చాలు. గరుకు కాగితం నాలుగుసార్లు కత్తిరిస్తే పదునొస్తుందనే చిట్కా అంచు మీది చిన్న పొరలను సర్దుతుంది, మొద్దుబారిన బ్లేడును బాగుచేయదు.

కిందపడితే మొన మొదట గచ్చుకు తగులుతుంది. ఒక మొన బయటికి వంగితే లైటుకు పెట్టినప్పుడు మొన దగ్గర సందు కనిపిస్తుంది. ఉక్కు కట్టరులో దీన్ని సరిచేసే దారి ఉంది. గట్టిపరిచిన బ్లేడును పట్టుకారుతో వంచితే పుటుక్కున విరుగుతుంది కాబట్టి బ్లేడు జోలికి వెళ్లకుండా, దాని వెనక మెత్తగా ఉండే కాడను గుడ్డ చుట్టి పట్టుకుని లోపలికి కొంచెం కొంచెంగా ఒత్తాలి, ప్రతి ఒత్తుకూ లైటుకు పెట్టి చూసుకోవాలి. ప్లాస్టిక్ కట్టరుకు ఈ అవకాశం లేదు. ముప్పై నలభై రూపాయల వస్తువు కాబట్టి మార్చేయడమే.

మూడో రకం, రివిటుది, స్ప్రింగు పోయినా బ్లేళ్లు సరిగ్గానే కలుస్తాయి, ఎందుకంటే అక్కడ వాటిని పట్టి ఉంచేది రివిటు. వంగిన మొన ఫ్రేములో బిగించిన బట్ట మీద దారం కిందికి చక్కగా దూరుతుంది, బట్టకు తగలదు. మిషన్ ఎంబ్రాయిడరీలో ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దూకిన దారాలు తీయడానికి దీన్ని మించింది లేదు. రేయాన్ దారమైతే రెండు మూడు మిల్లీమీటర్ల కొస వదిలి కత్తిరించండి, లేకపోతే ముడి జారి కుట్టు విడిపోతుంది. మిషన్ పాదం దగ్గర వేగంగా కత్తిరించే పనికి మాత్రం ఇది నెమ్మది. రివిటు దగ్గర చేరిన నూగును తీయడం కూడా కష్టం.

మాకు ఒక్కటే ఉంచుకోమంటే యూ ఆకారం ఉక్కుదే, 105 మిల్లీమీటర్ల సైజు, వెడల్పాటి పట్టీ ఉన్నది. ప్లాస్టిక్‌దాని కంటే కొన్ని రెట్లు ఖరీదైనా సాన పట్టుకోవచ్చు, వంగితే సరిచేసుకోవచ్చు, తుడవడానికి సందులు లేవు. నేర్చుకునే పిల్లలకు, నలుగురైదుగురు పనిచేసే షాపులకు ఉక్కు పట్టీ స్ప్రింగున్న ప్లాస్టిక్‌వి డజను చొప్పున తీసుకోవడం మేలు. ఎడమచేతి వాటం వాళ్లు మాత్రం కొనేముందు తప్పనిసరిగా ఎడమచేత్తోనే దారం కత్తిరించి చూడాలి. కుడిచేతి కట్టరును ఎడమచేత్తో నొక్కితే వేళ్ల ఒత్తిడి బ్లేళ్లను దగ్గరకు తేవాల్సింది పోయి దూరంగా నెడుతుంది, తిరగేసి పట్టుకున్నా మారదు. పట్టీ వెడల్పుగా ఉన్నవాటిలో ఈ తేడా తక్కువగా తెలుస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ స్ప్రింగువాటిలో ఒంటిపోగు అసలు తెగదు.