ఏసీ నీళ్ల పైపు, వాక్యూమ్ క్లీనర్: ఆరు వేసవుల వాడకం

మాది కాకినాడ. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. అమ్మ గదిలో ఒకటి, హాల్లో ఒకటి, రెండూ టన్నున్నర స్ప్లిట్ ఏసీలే, 2018లో బిగించినవి. వాటి నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపులు శుభ్రం చేయడానికి 2019 చివర్లో ఒక వెట్ అండ్ డ్రై వాక్యూమ్ క్లీనర్ కొన్నాను. అది నీళ్లు కూడా పీల్చే రకం. ఇన్నేళ్లు వాడాక దాని గురించి, ఆ పైపు గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

కొనడానికి కారణం ఆ ఏడాది ఆగస్టులో ఒక రాత్రి. రెండింటికి అమ్మ లేపింది. "నాన్నా, లే. గోడ మీంచి నీళ్లు కారిపోతున్నాయి" అంది. లైటు వేసి చూస్తే ఇండోర్ యూనిట్ కింద గోడ మొత్తం తడి. ఆ కిందే నాన్నగారి పుస్తకాల బీరువా. కింది అరలో పుస్తకాలన్నీ ఉబ్బిపోయాయి. వాటిలో కొన్ని నాన్నగారు చదువుకునే రోజుల్లో తన చేత్తో అంచుల్లో రాసుకున్నవి. ఎండలో పెట్టినా సిరా మళ్లీ రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ చిన్న పైపును ఇంత పట్టించుకుంటాను.

మర్నాడు ఒక సర్వీసు సెంటరు నుంచి వచ్చినతను మూతయినా తీయకుండా గేస్ తక్కువైందన్నాడు, నింపాడు, డబ్బు తీసుకున్నాడు. మూడో రోజు మళ్లీ కారింది. అప్పుడు మా వీధి చివర ఉండే పెద్ద మెకానిక్‌ను పిలిచాను. ఆయన లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద చెయ్యి పెట్టి చూసి, "గేస్ తక్కువైతే ఇక్కడ ఐస్ కడుతుందండి. అది కరిగినప్పుడు నీళ్లు కారతాయి. మీకు ఐస్ లేదు, చల్లదనం బాగానే ఉంది. నీళ్లు పోయే దారి మూసుకుపోయిందండి" అన్నారు. లోపల ట్రే దగ్గర పైపు ఊడదీసి బ్లోయర్‌తో ఊదితే, బాల్కనీ వైపు నుంచి బెత్తెడు పొడుగున నల్లటి జిగురు ముద్ద వచ్చి పడింది. "పీల్చే మిషను ఉంటే మీరే బయట నుంచి లాగేసుకోవచ్చండి, ఇంత విప్పక్కర్లేదు" అని చెప్పింది కూడా ఆయనే.

ఆ ముద్ద ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. గదిలోని తేమ చల్లటి కాయిల్‌ను తాకి నీరవుతుంది. ఆ నీరు కింద ఉన్న సన్నటి ట్రేలోకి జారి, పైపులోంచి బయటికి పోతుంది. ఫిల్టర్ దాటిన సన్నటి దుమ్ము కాయిల్ మీది నీటితో పాటే కిందికి వస్తుంది. చీకటి, తడి, దుమ్ము మూడూ ఒక్కచోట చేరితే పాకుడు పట్టక మానదు. మడతల పైపైతే ప్రతి మడతలోనూ కొంచెం ఆగుతుంది.

నీటి లెక్క కూడా చెప్పాలి. మొక్కల కోసం పైపు కింద బకెట్ పెడతాం కాబట్టి నాకు తెలుసు. రోహిణీ కార్తెలో పడమటి గాలి వీచే రోజుల్లో ఏసీ ఎంత తిరిగినా బకెట్ సగం కూడా నిండదు, గాలిలో తేమే ఉండదు. అదే వానలు మొదలయ్యాక సముద్రపు గాలికి ఉక్కపోస్తుంటే, ఒక్క రాత్రిలో పది లీటర్లు వస్తాయి. మే నెలలో ఏ ఇబ్బందీ లేదని ఊరుకుంటే, సగం మూసుకున్న పైపు జులైలో గోడ తడిపేస్తుంది. మా ఇంట్లో రెండుసార్లు ఇదే జరిగింది.

ఇక వాక్యూమ్. ముందు ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించేస్తాను. వాక్యూమ్‌లోని పేపర్ బ్యాగు తీసేసి నీళ్లకు వాడే స్పాంజి ఫిల్టర్ పెడతాను. బాల్కనీలో డ్రెయిన్ పైపు నోటికి వాక్యూమ్ గొట్టం ఆనించి, సందు లేకుండా తడిగుడ్డ చుట్టి చేత్తో బిగించి పట్టుకుంటాను. అంతే, రెండు మూడు నిమిషాలు. మొదట వట్టి గాలి రొద వస్తుంది. ఉన్నట్టుండి గడగడమని నీళ్లు లాగిన శబ్దం మొదలవుతుంది, అక్కడితో దారి తెరుచుకున్నట్టే. తర్వాత లోపలికి వెళ్లి, మూత ఎత్తి, ఫిల్టర్లు తీసి, కాయిల్ ఎడమ పక్కన చెంబుతో లీటరు నీళ్లు నెమ్మదిగా పోస్తాను. మా యూనిట్‌లో కరెంటు బోర్డు కుడివైపు ఉంది, అటు చుక్క పడనివ్వను. పోసిన నీళ్లు పోసినంత వేగంగా బయట పడుతుంటే పని అయినట్టు. ఆగి ఆగి పడితే ఇంకోసారి లాగుతాను.

శివరాత్రి దాటగానే ఒకసారి, శ్రావణంలో ఒకసారి చేస్తాను. చలికాలమంతా వాడకపోతే లోపలి పాకుడు ఎండి పెచ్చులు కడుతుంది. అందుకే శివరాత్రి తర్వాత చేసేటప్పుడు ముందు లీటరు నీళ్లు పోసి, గంటసేపు నాననిచ్చి, ఆ తర్వాతే లాగుతాను.

దీనికి ముందు సైకిల్ పంపు ప్రయత్నించాను. దయచేసి బయట నుంచి లోపలికి ఊదకండి. మురికంతా తిరిగి ట్రేలోకి ఎక్కి, యూనిట్ ముందు నుంచి నల్లనీళ్లు కారాయి. మరిగే నీళ్లు పోయమని ఒకరు చెప్పారు. ఆ పని చేయలేదు, మెత్తటి ప్లాస్టిక్ పైపు సాగిపోతుంది. వెనిగర్ మాత్రం నాకు నచ్చింది. అరకప్పు తెల్ల వెనిగర్‌ను అరకప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, నెలకోసారి ట్రే వైపు పోసి, అరగంట తర్వాత మంచినీళ్లతో కడిగితే పాకుడు తగ్గుతుంది, వాసన పోతుంది. అయితే పూర్తిగా మూసుకున్న పైపును అది ఒక్కసారీ తెరవలేదు. బ్లీచింగ్ నీళ్లు ఒక్కసారే వాడాను. ఘాటు గదంతా పట్టేసి అమ్మకు దగ్గు వచ్చింది, పైగా అది కాయిల్ అల్యూమినియం రేకులను తినేస్తుంది. వెనిగర్, బ్లీచింగ్ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణానికే ప్రమాదం.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడి ఇంట్లో యూనిట్ అటక మీద ఉంటుంది. అక్కడి పైపుకు శుభ్రం చేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మూత ఉంది. ట్రేలో నీళ్లు పెరిగితే ఏసీని ఆపేసే స్విచ్ కూడా ఉంది. వాడూ పైపు బయటి కొసకి వాక్యూమ్ పెట్టే లాగుతాడు. మా యూనిట్లకు అలాంటి స్విచ్ లేదు, గోడ తడిస్తేనే తెలుస్తుంది. ప్రతి ఏసీకీ అది ఉండాలని నా కోరిక.

వాక్యూమ్‌లో లోపాలు లేకపోలేదు. రొద చాలా ఎక్కువ, మధ్యాహ్నం పక్కింటివాళ్లు పడుకునే వేళ పెట్టలేం. బరువు. అమ్మలాంటి పెద్దవాళ్లు ఒక్కరే బాల్కనీ దాకా ఈడ్చలేరు. వాడాక డ్రమ్ము కడిగి, స్పాంజి ఎండబెట్టకపోతే వారం తిరిగేసరికి కుళ్లు వాసన. నీళ్లు పీల్చని మామూలు వాక్యూమ్‌తో మాత్రం ఈ పని చేయకండి, మోటారులోకి నీరు పోతే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పైపు కొస చేతికందని ఎత్తులో ఉన్నా, అందరి పైపులూ కలిసే పెద్ద పైపులోకి గోడలోనే కలిపేసినా ఇది పనికిరాదు. మా పై అంతస్తువాళ్లది అలాంటిదే, వాళ్లు ప్రతిసారీ మెకానిక్‌ను పిలవాల్సిందే.

పైపు కొస గురించి ఒక మాట. అది బకెట్ నీళ్లలో మునిగితే లోపలి గాలి పోవడానికి దారి ఉండదు, నీళ్లు గుడగుడలాడుతూ వెనక్కి నిలుస్తాయి. ఏ పాకుడూ లేకుండానే అలా ఒకసారి కారింది. ఇప్పుడు కొసను బకెట్ అంచుకు జానెడు పైన కట్టేశాను. సన్నటి జాలీ కట్టి చూశాను, పాకుడు ముందు దానికే పట్టింది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలు రాకుండా పెద్ద కన్నాల జాలీ చాలు.

హాల్లో ఏసీ మాత్రం ఎంత లాగినా రెండు నెలలకే మళ్లీ మొరాయించేది. 2022లో గోడ కొట్టించి చూస్తే, లోపల పైపు మధ్యలో కిందికి వంగి ఉంది. ఆ వంపులో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉండేవి. వాక్యూమ్ ఆ నీటిని లాగేది, వంపును తీయలేదు కదా. మడతల పైపు తీయించి, మీటరుకు సెంటీమీటరు చొప్పున వాలు ఉండేలా గట్టి పీవీసీ పైపు వేయించాను. మేస్త్రీ పక్కనే నిలబడి లెవెల్ చూసుకున్నాను. అప్పటి నుంచి హాల్ ఏసీకి ఏడాదికి ఒక్కసారి లాగితే సరిపోతోంది. అమ్మ గదిలో ఇంకా పాత మడతల పైపే ఉంది. వచ్చే సంక్రాంతికి రంగులు వేయించేటప్పుడు అదీ మార్పిస్తాను. పుస్తకాల బీరువా మాత్రం మొదట కారినప్పుడే ఎదుటి గోడకు మార్చేశాం.